ఆపరేషన్ బల్లపై పశువుకు చలి పెడుతుంది
మత్తులో ఉన్న జీవం వణకలేదు, ముడుచుకోలేదు - వెచ్చగా ఉంచితే సగం గండం గడిచినట్లే

ఆదిలాబాద్: మూత్రం బందైన దున్నదూడకు ఆపరేషన్ చేశారు. గొట్టం వేశారు. మూత్రం ధారగా వచ్చింది. కుట్లు బాగా పడ్డాయి. గండం గడిచిందనుకుని రైతు పొద్దుగూకే వేళ ట్రాలీ ఆటోలో దూడను ఇంటికి తెచ్చుకున్నాడు. తెల్లవారేసరికి దూడ లేదు. "ఆపరేషన్ పడలేదు" అన్నారు ఇరుగుపొరుగు.

పశువులున్న ఏ పల్లెలో అయినా ఇలాంటి మాట వినిపిస్తుంది. ఒక్కోసారి రోగం అప్పటికే ముదిరిపోయి ఉంటుంది. ఒక్కోసారి పశువును ఆస్పత్రికి తేవడమే ఆలస్యమవుతుంది. వీటితో పాటు మరో కారణం కూడా ఉంది. దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది చలి.

మత్తు మందు ఎక్కిన జీవానికి ఒంట్లో వేడి తగ్గిపోతుంది. ఇది ఎక్కడో ఒకచోట జరిగే వింత కాదు. జాగ్రత్త తీసుకోకపోతే చాలా జీవాలకు జరిగేదే. స్పెయిన్ దేశంలో మత్తు ఇచ్చిన 1,525 కుక్కల రికార్డులను అక్కడి పశువైద్యులు పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 83 కుక్కలకు పైగా ఒంటి వేడి ఉండవలసిన దానికంటే పడిపోయినట్లు తేలింది. అవి అన్ని హంగులూ ఉన్న ఆస్పత్రిలో చేసిన ఆపరేషన్లు. ఇక పుష్యమాసంలో, నాగోబా జాతర రోజుల చలిలో, సిమెంటు నేల మీద పడుకోబెట్టిన మేకపిల్ల సంగతి చెప్పనక్కరలేదు. మన జిల్లాలో డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగడం కొత్త కాదు.

ఈ చలిని ఆపడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఒక గొంగడి, నాలుగు గోనె సంచులు, కొంత గడ్డి, ఒక థర్మామీటరు ఉంటే సగం పని అయినట్లే. మిగతా సగం, వాటిని ఎప్పుడు, ఎలా వాడాలో తెలుసుకోవడం.

ఒంట్లో పొయ్యి మందగిస్తుంది

మామూలుగా చలి వేసినప్పుడు పశువు తనను తాను కాపాడుకుంటుంది. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడిని బయటికి పోనివ్వవు. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. పశువు కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది, లేదంటే ఎండపొడ వెతుక్కుంటూ పోతుంది. ఈ పనులన్నింటికీ ఆజ్ఞలిచ్చే కేంద్రం మెదడులో ఉంటుంది.

మత్తు మందు ఆ కేంద్రాన్నే జోకొడుతుంది. వణుకు ఆగిపోతుంది. కండరాలు సడలిపోతాయి. ముడుచుకుని ఉండవలసిన రక్తనాళాలు తెరుచుకుంటాయి. గుండె, కాలేయం దగ్గర ఉండవలసిన వేడి రక్తం కాళ్లకు, చెవులకు, చర్మానికి పోయి, అక్కడ చల్లబడి తిరిగి లోపలికి వస్తుంది. అందుకే మత్తు ఎక్కిన మొదటి గంటలోనే ఒంటి వేడి చాలా వేగంగా పడిపోతుంది. ఆ తర్వాత కూడా తగ్గుతూనే ఉంటుంది కాని, అంత జోరుగా కాదు.

నెమరు వేసే జీవాలకు ఇంకో సంగతి ఉంది. ఆవు, బర్రె, మేక, గొర్రె పెద్ద పొట్టలో మేత పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ పొట్ట వాటికి లోపలి పొయ్యి లాంటిది. పూర్తి మత్తు ఇచ్చే ముందు పెద్ద పశువుకు ఒక రోజు, అంతకు మించి కూడా, మేత ఆపమని డాక్టర్లు చెబుతారు. పడుకున్నప్పుడు పొట్ట ఉబ్బకుండా, మేత పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉండేందుకు అది తప్పనిసరి. కాని మేత ఆగితే ఆ పొయ్యి కూడా మందగిస్తుందని మరవకూడదు.

వేడి పోయేది నాలుగు దారుల్లో

మొదటి దారి నేల. చల్లని బండ మీద, ఇనుప బల్ల మీద ఒళ్లు ఆనితే వేడి నేరుగా అందులోకి పోతుంది. రెండోది గాలి. తలుపు సందులోంచి వచ్చే ఈదురుగాలి అయినా, తల మీద తిరిగే ఫ్యాను అయినా ఒంటి చుట్టూ ఉన్న వెచ్చని గాలిని తోసేస్తుంది. మూడోది చుట్టుపక్కల ఉన్న చల్లని గోడలు. పొయ్యికి దూరంగా కూర్చున్నా సెగ మనకు తగులుతుంది కదా. అలాగే పశువు ఒంటి సెగ ముట్టుకోకుండానే చల్లని గోడలకు పోతుంది.

నాలుగోది తడి. అన్నిటికంటే ఎక్కువ అశ్రద్ధ జరిగేది ఇక్కడే. ఆపరేషన్ చేసే చోట వెంట్రుకలు గొరుగుతారు. అంటే పశువు కప్పుకున్న దుప్పటి అంత మేర తీసేసినట్లే. ఆ చోట సబ్బునీళ్లతో కడుగుతారు, స్పిరిట్ పూస్తారు. స్పిరిట్ ఆవిరవుతూ చర్మాన్ని ఎంత చల్లబరుస్తుందో సూది మందు వేయించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇక పొట్ట కోసి తెరిచినప్పుడు లోపలి పేగుల తడి అంతా ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. కోత ఎంత పెద్దదైతే, ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంటే, అంత నష్టం.

చాయ్ గ్లాసు, నీళ్ల కాగు

కాగు నిండా కాచిన నీళ్లు గంట తర్వాత కూడా వేడిగానే ఉంటాయి. గ్లాసులోని చాయ్ పది నిమిషాలకే చల్లారుతుంది. పశువుల సంగతీ అంతే. ఒళ్లు చిన్నదయ్యే కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ. అందుకే 400 కిలోల బర్రె కంటే 30 కిలోల దూడకు, దూడ కంటే 10 కిలోల మేకపిల్లకు, అంతకంటే కుక్కపిల్లకు ప్రమాదం ఎక్కువ. బక్కచిక్కిన జీవాలు, ముసలివి, అప్పుడే పుట్టినవి, రోగంతో నీరసించినవి కూడా తొందరగా చల్లబడతాయి.

సెలైన్ బాటిలు లెక్క చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చలికాలంలో ఉదయం పూట గదిలో ఉన్న సెలైన్ 15 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉందనుకుందాం. పశువు ఒళ్లు 38 డిగ్రీలు. 400 కిలోల బర్రెకు ఒక లీటరు ఎక్కిస్తే ఒంటి వేడిలో తేడా డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు. అదే లీటరు 30 కిలోల దూడకు ఎక్కితే దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది. 10 కిలోల మేకపిల్లకు అర లీటరు ఎక్కితే 1.4 డిగ్రీలు తగ్గుతుంది. ఫారన్‌హీట్‌లో చెప్పాలంటే సుమారు రెండున్నర డిగ్రీలు. ప్రాణం నిలబెట్టడానికి ఎక్కించే సెలైనే చల్లగా ఉంటే ఒళ్లు మరింత చల్లబడడానికి దారి తీసినట్లవుతుంది. అందుకే బాటిలును ముందుగానే గోరువెచ్చని నీళ్ల బకెట్లో ఉంచి, ఒంటి వేడికి తెచ్చి ఎక్కిస్తే మంచిది.

ఏ ఆపరేషన్లలో ముప్పు?

పెద్ద పశువులకు చాలా ఆపరేషన్లు నిలబెట్టే చేస్తారు. పొట్టలో చేరిన ప్లాస్టిక్ సంచులు, మేకులు, తీగలు తీయడానికి ఎడమ డొక్క దగ్గర తిమ్మిరి సూదులు వేసి కోస్తారు. ఆ చోటు మాత్రమే మొద్దుబారుతుంది. పశువు తెలివిలోనే ఉంటుంది కనుక తన వేడిని తాను కాపాడుకోగలదు. ఎద్దుకు కొమ్ము క్యాన్సరు వస్తే కొమ్ము తీసే ఆపరేషన్ కూడా తిమ్మిరి సూదితో, కొద్దిపాటి మత్తుతో జరిగేదే.

ముప్పు ఎక్కువగా ఉండేది పశువును పడుకోబెట్టి, మత్తులో ఉంచి, ఎక్కువసేపు చేసే ఆపరేషన్లలో. బర్రెలకు ఉదరానికీ ఛాతీకీ మధ్య ఉండే పొర చిరిగి పొట్ట పైకి పోయినప్పుడు చేసే ఆపరేషన్ అలాంటిది. దూడలకు బొడ్డు దగ్గర దిగిన వరిబీజం, మేకపోతులకు, దున్నదూడలకు మూత్రంలో రాళ్లు అడ్డుపడడం, కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, కష్ట కాన్పులో చేసే సిజేరియన్ కూడా ఈ కోవలోవే.

వీటిలో మూత్రం బందైన దూడ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. చలికాలంలో పశువులు నీళ్లు తక్కువ తాగుతాయి కనుక ఈ జబ్బు అప్పుడే ఎక్కువగా కనిపిస్తుంది. రెండు మూడు రోజులు మూత్రం రాని దూడ ఆస్పత్రికి వచ్చేసరికే విషం ఒళ్లంతా పాకి, మేత మానేసి, ఒళ్లు చల్లబడి ఉంటుంది. వెన్ను దగ్గర తిమ్మిరి సూది వేస్తే వెనక భాగమంతా రక్తనాళాలు తెరుచుకుంటాయి, ఆ భాగం వణకలేదు కూడా. అంటే అసలే చల్లగా ఉన్న జీవం ఇంకా చల్లబడుతుంది.

వేడి తగ్గితే ఏమవుతుంది?

మత్తు మందును విరిచి బయటికి పంపే పని కాలేయానిది. ఒళ్లు చల్లబడితే ఆ పని మందగిస్తుంది. గంటలో లేవవలసిన జీవం మూడు నాలుగు గంటలు పడి ఉంటుంది. అలా పడి ఉన్నంతసేపూ ఇంకా చల్లబడుతుంది. గుండె నెమ్మదిస్తుంది, శ్వాస తగ్గుతుంది. రక్తం సరిగ్గా గడ్డకట్టదు కనుక కోత దగ్గర ఎక్కువగా కారుతుంది. తెలివి వచ్చాక ఒక్కసారిగా వణుకు మొదలైతే ప్రాణవాయువు అవసరం బాగా పెరుగుతుంది. నీరసించిన గుండెకు అది మోయలేని భారం.

గాయం చీము పట్టడానికి కూడా చలి ఒక కారణమే. ఇది మనుషుల్లో తేలిన విషయం. పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 1996లో వెలువడ్డాయి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు వెచ్చగా ఉంచిన వారిలో నూటికి 6 మందికి గాయం చీము పట్టింది. ఒంటి వేడి రెండు డిగ్రీల సెంటీగ్రేడ్ మేర తగ్గిన వారిలో నూటికి 19 మందికి పట్టింది. చర్మానికి రక్తం తగ్గితే క్రిములతో పోరాడే శక్తి కూడా తగ్గుతుందన్న మాట.

శ్వాస చూశారు, నాడి చూశారు

మత్తు మందు చరిత్రలో మన హైదరాబాదుకు పెద్ద పేరే ఉంది. 1846లో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌తో, 1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫారంతో మత్తు ఇవ్వడం మొదలైంది. క్లోరోఫారం ఇచ్చినప్పుడు కొందరు ఉన్నట్టుండి చనిపోయేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండా అని పెద్ద వివాదం నడిచింది. దాన్ని తేల్చేందుకు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, 1889లో రెండు కమిషన్లు హైదరాబాదులో పనిచేశాయి. కుక్కలతో పాటు వందలాది జంతువులకు క్లోరోఫారం ఇచ్చి చూశారు. శ్వాసనే కనిపెట్టుకుని ఉండాలని కమిషన్ తేల్చింది. గుండె కూడా ఉన్నట్టుండి ఆగవచ్చని తర్వాతి కాలంలో రుజువైంది.

అప్పటి వాదమంతా శ్వాస మీద, నాడి మీద. నేడు వాటి పక్కన మూడోదిగా ఒంటి వేడిని కూడా చూస్తున్నారు. పెద్ద పశువైద్యశాలల్లో మత్తు ఇచ్చిన జీవానికి మధ్య మధ్య వేడి కొలిచి కాగితం మీద రాస్తారు. వెచ్చని గాలి ఊదే దుప్పట్లు, లోపల వెచ్చని నీరు తిరిగే పరుపులు వాడతారు. ఇవి అన్ని చోట్లా ఉండవు. కాని వాటి వెనక ఉన్న సూత్రం ఏ పల్లెలోనైనా పనిచేస్తుంది.

ఆస్పత్రికి బయలుదేరే ముందు

పోయిన వేడిని తిరిగి తేవడం కంటే ఉన్న వేడిని పోనివ్వకపోవడం సులభం. మత్తు ఎక్కి, రక్తం చర్మానికి పరుగెత్తాక కప్పిన దుప్పటి ఆలస్యపు దుప్పటే. కాబట్టి జాగ్రత్త సూది పడకముందే మొదలు కావాలి.

ప్రాణం మీదికి వచ్చిన కేసు కాకపోతే చలికాలంలో ఆపరేషన్‌ను పొద్దెక్కిన తర్వాత, మధ్యాహ్నం లోపు పెట్టుకోవడం మంచిది. పశువు లేచి తేరుకునేందుకు పగటి ఎండ దొరుకుతుంది. ముందు రోజు రాత్రి పశువును ఆరుబయట కట్టేయకూడదు. తడి నేల మీద ఉంచకూడదు. ఆస్పత్రికి తెచ్చే దారిలో ఎదురుగాలి తగలకుండా ఆటోకు ముందువైపు, పక్కల తాటిపత్రి కట్టాలి. కింద గడ్డి పరచాలి.

పాలు తాగే దూడను, మేకపిల్లను పెద్ద పశువులా రోజంతా పస్తు పెట్టకూడదు. వాటి ఒంట్లో నిల్వ తక్కువ. పస్తుంటే నీరసించి మరింత తొందరగా చల్లబడతాయి. ఎంతసేపు పాలు ఆపాలో డాక్టరును అడిగి అంతే ఆపాలి.

వెంట తీసుకెళ్లవలసినవి: ఒక గొంగడి, నాలుగైదు పొడి గోనె సంచులు, రెండు పాత చీరలు లేదా తువ్వాళ్లు, ఒక ప్లాస్టిక్ పట్టా. గొర్రె ఉన్నితో నేసిన మన గొంగడికి సాటి లేదు. ఉన్ని పోగుల మధ్య గాలి నిలుస్తుంది. ఆ నిలిచిన గాలే వేడిని ఆపుతుంది. కొంచెం తడిసినా అది నూలు దుప్పటి కంటే మేలు.

ఆపరేషన్ జరుగుతుండగా

నేల మీద ముందు ప్లాస్టిక్ పట్టా, దాని మీద గడ్డి లేదా గోనెలు, ఆపైన పశువు. పట్టా లేకపోతే నేల తడి పైకి వచ్చి గోనెలు తడుస్తాయి. కోత పెట్టే చోటు వదిలి మిగతా ఒళ్లంతా కప్పాలి. ముఖ్యంగా కాళ్లు, చెవులు. వేడి ఎక్కువగా జారిపోయేది వాటి నుంచే. మేకపిల్లలకు, కుక్కలకు కాళ్లకు పాత మేజోళ్లు తొడిగినా సరే. పార్సిళ్లకు చుట్టే బుడగల ప్లాస్టిక్ కాగితాన్ని చాలా చోట్ల పశువైద్యులు చిన్న జీవాల కాళ్లకు, ఒంటికి చుడుతున్నారు.

తలుపులు దగ్గరగా వేయాలి. ఫ్యాను ఆపాలి. కడిగిన నీళ్లు ఒంటి కిందికి చేరితే వెంటనే పొడి గుడ్డతో ఒత్తి తుడవాలి. ఇవన్నీ రైతు చేయగలిగినవే. కోత చుట్టూ పరిచిన శుభ్రమైన గుడ్డలను మాత్రం ముట్టుకోకూడదు. ఏది కప్పినా డాక్టరును అడిగే కప్పాలి. పొట్ట ఉబ్బుతున్నదీ, శ్వాస ఆడుతున్నదీ ఆయనకు కనిపిస్తూ ఉండాలి.

చలి అని పక్కనే నెగడు వేయడం కొన్ని ఊళ్లలో అలవాటు. ఆపరేషన్ దగ్గర ఇది పనికిరాదు. స్పిరిట్ గుప్పున అంటుకుంటుంది. పొగ మత్తులో ఉన్న జీవానికి ఊపిరాడనివ్వదు.

వేడి బాటిలుతో జాగ్రత్త

వేడినీళ్ల బాటిళ్లు పక్కన పెట్టడం మంచి ఉపాయమే. కాని పశువు కాలిపోయేదీ వాటితోనే. తెలివిలో ఉన్న జీవం చురుక్కుమంటే పక్కకు జరుగుతుంది. మత్తులో ఉన్నది జరగలేదు. పైగా చల్లబడిన చర్మంలో రక్తం సరిగ్గా తిరగదు కనుక ఒకేచోట తగిలిన వేడి చెదరక అక్కడే నిలిచి కాలుస్తుంది. ఆ రోజు ఏమీ కనిపించదు. కొన్నాళ్లకు చర్మం నల్లబడి, ఎండి, ఊడిపోతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

అందుకే బాటిలులో మరిగే నీళ్లు పోయకూడదు. మోచేతి లోపలి వైపు ఆనించి చూస్తే హాయిగా ఉండాలి. ఎంతసేపు ఉంచినా చుర్రుమనకూడదు. దాన్ని తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాలి. ఒంటి బరువు దాని మీద పడకూడదు. బాటిలు చల్లారగానే తీసేయాలి. చల్లారిన బాటిలు వేడి ఇవ్వదు సరికదా, పశువు ఒంటి వేడినే లాక్కుంటుంది. మనుషుల నడుము నొప్పికి వాడే కరెంటు ప్యాడ్లను మత్తులో ఉన్న జీవం కింద పెట్టకూడదు. బల్బు వేలాడదీస్తే చేయి అక్కడ ఉంచి చూసి, చేతికి వెచ్చగా మాత్రమే తగిలేంత దూరంలో ఉంచాలి.

ఇంటి దారి, మొదటి రాత్రి

ఆపరేషన్ ముగియడంతో చలి గండం ముగియదు. మందు ఇంకా ఒంట్లో ఉంటుంది. తల నిలపలేని, తనంతట తాను లేవలేని జీవాన్ని చలిగాలిలో ట్రాలీలో తీసుకెళ్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. లేచి నిలబడి, చుట్టూ చూసేదాకా ఆస్పత్రి ఆవరణలోనే ఎండపట్టున ఉంచడం మేలు. ఆవు, బర్రె, మేక, గొర్రె అయితే పక్కకు పడుకోకుండా రొమ్ము మీద కూర్చునేట్లు గడ్డిమోపు ఆనించాలి. అలా ఉంటే పొట్ట ఉబ్బదు, చొంగ గొంతులోకి పోదు.

వేడి పుడుతుందని కషాయమో, సారానో గొట్టంతో పోయడం ప్రాణాంతకం. సగం మత్తులో ఉన్న జీవం మింగలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సారా అయితే రక్తనాళాలను ఇంకా తెరిచి ఒంటి వేడిని బయటికి పంపుతుంది. లోపల వెచ్చగా అనిపించడం వేరు, ఒళ్లు వెచ్చబడడం వేరు.

మొదటి రాత్రి గాలి తగలని మూల, పొడి గడ్డి మీద ఉంచాలి. దూడను గోనెతో కప్పి కడుపు కింద వదులుగా కట్టాలి. కుట్ల మీద రాపిడి ఉండకూడదు. వణకడం లేదు కాబట్టి వెచ్చగా ఉంది అనుకోవద్దు. బాగా చల్లబడిన జీవం కూడా వణకదు.

సిజేరియన్ దూడ

కష్ట కాన్పులో తల్లి మీదే అందరి దృష్టి ఉంటుంది. పక్కన పెట్టిన దూడ తడి ఒంటితో చలికి బిగుసుకుపోతుంది. ఒక మనిషి దూడ పని మాత్రమే చూడాలి. ముక్కు, నోరు తుడవాలి. పొడి గడ్డితో, గోనెతో ఒళ్లంతా గట్టిగా రుద్దాలి. రుద్దితే తడీ ఆరుతుంది, రక్తమూ తిరుగుతుంది, శ్వాసా అందుకుంటుంది. చీకగలిగే శక్తి రాగానే, రెండు గంటల లోపు జున్నుపాలు వెచ్చగా పట్టాలి. దూడకు లోపలి పొయ్యి రాజేసేది ఆ పాలే. తల నిలపలేని దూడ గొంతులో పాలు పోయకూడదు. ముందు దాన్ని వెచ్చబరచి, డాక్టరుకు చూపాలి.

థర్మామీటరు చెప్పే నిజం

చెవులు పట్టుకుని చూసి వేడి చెప్పడం అనుభవజ్ఞులకైనా నమ్మకమైన పద్ధతి కాదు. థర్మామీటరును కొబ్బరినూనె రాసి మలద్వారంలో గోడకు ఆనేట్లు పెట్టి రెండు నిమిషాలు ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు, బర్రెకు 101 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటుగా, మేకకు, గొర్రెకు 102 నుంచి 103, కుక్కకు 101 నుంచి 102 ఉంటుంది. ఆపరేషన్ తర్వాత దూడకు గాని మేకకు గాని 99 లోపు చూపితే వెచ్చబెట్టే పని పెంచాలి. 96 లోపు చూపితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మనుషుల పాదరసం థర్మామీటరు 94 దగ్గరే మొదలవుతుంది. పాదరసం అక్కడే ఉండిపోతే వేడి 94 అని కాదు, అంతకంటే ఎంతైనా తక్కువ ఉండవచ్చని అర్థం.

గంటకోసారి చూసి రాసుకుంటే పెరుగుతున్నదో, తగ్గుతున్నదో తెలుస్తుంది. మామూలు వేడికి ఒకటి రెండు డిగ్రీల దగ్గరికి రాగానే బాటిళ్లు, బల్బు తీసేయాలి. కప్పడం మాత్రం కొనసాగించాలి.

ఎండాకాలం లెక్క వేరు

ఇదే మత్తు ఎండాకాలంలో తిరగబడుతుంది. వేడిని కాపాడుకోలేని జీవం వేడిని వదిలించుకోనూ లేదు. పశువులకు ఎక్కువగా వాడే జైలజిన్ అనే మత్తు మందు పడిన పశువుకు, మే నెల వడగాడ్పుల్లో ఒంటి వేడి పెరిగిపోయే ప్రమాదం ఉంది. నల్లని చర్మం, తక్కువ చెమట గ్రంథులు ఉన్న బర్రెకు మరీను. అప్పుడు ఆపరేషన్ తెల్లవారుజామున చల్లని పూట పెట్టుకోవాలి. నీడ, గాలి, తడిగుడ్డ అవసరం. గొంగడి కాదు. ఏ కాలంలోనైనా థర్మామీటరు చెప్పిందే వినాలి.

గుర్తుంచుకోండి

- చలికాలంలో ఆపరేషన్ మధ్యాహ్నం లోపు పూర్తయ్యేట్లు చూసుకోండి.
- గొంగడి, గోనెలు, పట్టా వెంట తీసుకెళ్లండి. సూది పడకముందే కప్పండి.
- సెలైన్ వెచ్చబరచి ఎక్కించమని అడగండి. అడగడం తప్పు కాదు.
- బాటిలు మోచేతికి హాయిగా ఉండాలి. గుడ్డ చుట్టాలి. చల్లారితే తీసేయాలి.
- లేచి నిలబడని జీవాన్ని బండి ఎక్కించకండి. నోట్లో ఏదీ పోయకండి.
- రాత్రంతా గంటకోసారి వేడి చూడండి. తగ్గుతుంటే 1962 నంబరుకు గాని, మీ పశువైద్యశాలకు గాని ఫోను చేయండి.

కోసి కుట్టే పని డాక్టరుది. ఆ పని ఫలించేదాకా జీవాన్ని వెచ్చగా ఉంచే పనిలో సగం రైతు చేతిలోనే ఉంది.